పన్నెండు మూలల గుమ్మటం

స్ట్రక్చరల్ ఇంజినీరు పని ఏమిటని అడిగితే, కట్టడం బరువు మోసేలా చూడటం అంటారు. నేనూ పరీక్షలో అలాగే రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఉద్యోగంలో చేరాక తెలిసింది, బరువు సంగతి తర్వాత. ముందు ఆ అమరిక కదలకుండా ఉంటుందా లేదా అన్నది చూడాలి. పైపులు ఎంత లావువైనా, ఉక్కు ఎంత మేలైనదైనా, అమరికలోనే కదలిక ఉంటే ఆ కట్టడం కదిలి తీరుతుంది. ఒక్క ముక్క విరగదు, ఒక్క ముక్క వంగదు, అయినా మొత్తం మీ కళ్లముందే రూపు మార్చుకుంటుంది. ఈ ఒక్క సంగతి నా బుర్రకెక్కడానికి ఒక మనిషి పైనుంచి కింద పడాల్సి వచ్చింది. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు నమ్మశక్యంగా ఉండదు.

నాకు ఏ ఏడాది ప్రమోషనొచ్చిందో, రిటైరైన రోజు ఎవరు దండ వేశారో మీకు అనవసరం. కొత్తగా డిగ్రీ పట్టుకుని డిజైన్ ఆఫీసుల్లో చేరుతున్న పిల్లలు మీరు. మీకు పనికొచ్చేది నేను చేసిన తప్పొక్కటే. అదే రాస్తాను.

కరోల్ బాగ్ మేడ మీద

మాది కాకినాడ. అక్కడే ఇంజినీరింగు చదివి, డెబ్భైల మధ్యలో ఢిల్లీ వచ్చాను. మా అన్నయ్యకి సరోజినీ నగర్‌లో ప్రభుత్వ క్వార్టరు ఉండేది. రోజూ రెండు బస్సులు మారి కరోల్ బాగ్ వెళ్లేదాన్ని. కింద చీరల కొట్టు, పైన మా ఆఫీసు. ఆరు డ్రాయింగ్ బల్లలు, ఒక కూలరు, చోప్రా సాబ్. ఆఫీసు ఆయనది. ఇంజినీర్లలో ఆడదాన్ని నేనొక్కదాన్నే.

చోప్రా సాబ్ గురించి ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత ఆయన గురించి కాస్త కఠినంగానే మాట్లాడబోతున్నాను. నాకు పని నేర్పింది ఆయనే. చేరిన మొదటి రోజు నాలుగు రేకు బద్దలు తెచ్చి, మూలల్లో మేకులతో కలిపి, చదరంగా చేసి నా చేతికిచ్చారు. "హిలావో," అన్నారు. కదిపాను. చదరం కాస్తా పక్కకి ఒరిగి, నలిగి, చివరికి నాలుగు బద్దలూ ఒకదాని మీదొకటి పడుకున్నాయి. మళ్లీ చదరంగా నిలబెట్టి, ఒక మూల నుంచి ఎదుటి మూలకి ఐదో బద్ద వేసి ఇచ్చారు. ఎంత లాగినా కదల్లేదు.

"బస్, ఇంజినీరింగ్ అంటే ఇంతే రాజ్యలక్ష్మీ. మిగిలిందంతా టైపింగు," అన్నారు.

ఆయనకో సూత్రం ఉండేది. గాలిలో ఉన్న జాయింటు మూడు వైపులకి కదలగలదు: ముందుకీ వెనక్కీ ఒకటి, పక్కలకి ఒకటి, పైకీ కిందకీ ఒకటి. ఆ మూడింటినీ ఆపాలంటే జాయింటుకి మూడు పైపులు కావాలి. అంచేత జాయింట్లని మూడుతో గుణించు, పైపులు లెక్కపెట్టు, రెండూ సమానమైతే సంతకం పెట్టు. ఒక్క పైపు తగ్గినా ఆ కాగితం నా బల్ల మీదికి తేవద్దు అనేవారు. ఆఫీసులో అందరం దాన్నే పాటించేవాళ్లం. డ్రాయింగు రాగానే ముందు పెన్సిలు ములికితో పైపుల్ని తాకుతూ లెక్కపెట్టేవాళ్లం, పెళ్లికి వచ్చినవాళ్లని లెక్కపెట్టినట్టు.

సైట్లకి మాత్రం నన్ను పంపేవారు కాదు. "ఆడపిల్లవి, నిచ్చెనలెక్కుతావా? నువ్వు లెక్కలు చూడు, సైటు నేను చూసుకుంటాను," అనేవారు. మొదట్లో నాకు ఒళ్లు మండేది. తర్వాత అలవాటైంది. ఆ తర్వాత హాయిగా ఉండటం మొదలైంది. ఎండలేదు, దుమ్ములేదు, నీడపట్టున కూర్చుని అంకెలు వేసుకోవడం. అలా హాయిగా అనిపించిన రోజే నేను జాగ్రత్త పడాల్సింది.

సైకిళ్ల షెడ్డు

చేరిన రెండో ఏడో, మూడో ఏడో, ఫరీదాబాద్‌లో ఒక ఫ్యాక్టరీకి సైకిళ్లు పెట్టుకునే షెడ్డు గీశాను. లెక్క సరిపోయింది. చోప్రా సాబ్ డ్రాయింగు వైపు చూసి పగలబడి నవ్వారు. ఒక గడిలో నేను రెండు ఏటవాలు బద్దలు వేశాను, పక్క గడిలో ఒక్కటీ వెయ్యలేదు.

"ఒకడి ప్లేట్లో రెండు లడ్డూలు, పక్కవాడి ప్లేటు ఖాళీ. లడ్డూల లెక్క మాత్రం ఏక్‌దమ్ సహీ!" అన్నారు.

నేను సిగ్గుతో చచ్చిపోయాను. మొత్తం సరిపోతే చాలదు, ప్రతి భాగానికీ దాని వాటా అందాలని ఆ రోజు తెలిసింది. అప్పట్నుంచి ఏ డ్రాయింగునైనా భాగాలుగా విడదీసి, ఎక్కడా రెండు లడ్డూలు పడలేదని చూసుకుని గానీ సంతకం పెట్టేదాన్ని కాదు. ఇక నన్ను ఏ అమరికా మోసం చెయ్యలేదనుకున్నాను. పాతికేళ్ల వయసు పొగరు అది. దాన్నిప్పుడు తిట్టుకుని లాభం లేదు.

తొమ్మిదా, పన్నెండా

మా క్వార్టర్ల వరుసలో ఎస్తేరక్క ఉండేది. నరసాపురం వైపు మనిషి, ఒక పెద్దాస్పత్రిలో ఎముకల వార్డుకి సిస్టరు. ఢిల్లీలోని మన తెలుగు నర్సులు, ఆస్పత్రి ఉద్యోగులు, వాళ్ల కుటుంబాలు ఆదివారాలు ఒక బడి గదిలో ప్రార్థన చేసుకునేవారు. చాలా ఏళ్లకి వాళ్లకి యమున అవతల, షాహ్‌దరా దాటాక ఒక చిన్న స్థలం దొరికింది. గుండ్రంగా గోడ కట్టి, దాని మీద ఇనుప పైపులతో గుమ్మటం వెయ్యాలని అనుకున్నారు. ఎస్తేరక్క ఆ పని మా ఆఫీసుకి తెచ్చింది. అప్పటికి ఎనభైలు మొదలయ్యాయి. ఊరంతా స్టేడియంలూ ఫ్లైఓవర్లూ లేస్తున్నాయి. మిగతావాళ్లందరూ ఆ పెద్ద పనుల మీద ఉన్నారు కాబట్టి ఈ చిన్న గుమ్మటం పూర్తిగా నాకే వదిలేశారు.

నేను వేసిన మొదటి డ్రాయింగులో తొమ్మిది మూలలున్నాయి. గోడ మీద చుట్టూ తొమ్మిది చోట్ల పైపులు బిగించడానికి గట్టి పాదాలు. పైన గాలిలో తొమ్మిది జాయింట్లతో ఒక చిన్న వలయం. పైనున్న ప్రతి జాయింటుకీ రెండు కాళ్లు, కిందనున్న పక్కపక్క పాదాల మీదికి దిగుతాయి. కాళ్లు పద్దెనిమిది, వలయంలో తొమ్మిది, వెరసి ఇరవై ఏడు పైపులు. తొమ్మిది జాయింట్లకి మూడేసి చొప్పున కావలసినవీ ఇరవై ఏడే. తొమ్మిదే ఎందుకంటే, కొట్లో దొరికే పైపు పొడవుకి ముక్కలు వృథా కాకుండా సరిపోతాయని. అంతకుమించి ఆలోచనేం లేదు.

ఎస్తేరక్క డ్రాయింగు చూసి ముక్కు మీద వేలేసుకుంది.

"ఇదేంటమ్మాయ్, తొమ్మిదేంటి?"

"పైపులు కలిసొస్తాయి అక్కా."

"పైపులు కలిసొస్తే సరా? శిష్యులు పన్నెండు మంది. మూలకొకరి పేరు రాయిద్దామనుకుంటన్నాం. తొమ్మిదంటే ముగ్గుర్ని ఎక్కడ కూకోబెడతావ్, నీ సైకిళ్ల షెడ్డులోనా?"

ఆఫీసంతా నవ్వింది. పన్నెండు అంకె నాకూ అందంగానే తోచింది. గడియారంలా చక్కగా ఉంటుంది, ఎటు నుంచి చూసినా ఎదురెదురుగా జతలు. ఒక్క మధ్యాహ్నంలో మార్చేశాను. ఇరవై నాలుగు కాళ్లు, పన్నెండు వలయం పైపులు, వెరసి ముప్ఫై ఆరు. పన్నెండు మూళ్లు ముప్ఫై ఆరు. ఏ భాగానికీ ఎక్కువ తక్కువల్లేవు, అందరి ప్లేట్లోనూ సమానంగా లడ్డూలు. చోప్రా సాబ్ కూడా పెన్సిలుతో తాకుతూ లెక్కపెట్టి సంతకం పెట్టారు.

బరువుల లెక్క ఎలా చేశానో కూడా చెప్తాను, ఎందుకంటే అసలు మోసం అక్కడే జరిగింది. అన్ని మూలలూ ఒకేలా ఉన్నాయి కదా అని ఒక్క మూల తీసుకుని దాని పైపులకి ఎంత ఒత్తిడి వస్తుందో చూసి, మిగతా పదకొండింటికీ అదే రాసేశాను. అలా చెయ్యడం తప్పు కాదు, పుస్తకాలూ అలాగే చెప్తాయి. కానీ అలా చేస్తే అన్ని మూలలూ ఒకేలా ఉన్నంతసేపూ ఏం జరుగుతుందో మాత్రమే తెలుస్తుంది. ఒక మూల పక్కదానిలా ఉండనంటే ఏమవుతుందో నేను అడగలేదు. అది ఒక ప్రశ్న అని కూడా నాకు తట్టలేదు.

మందుల షాపు నుంచి ఫోన్లు

పైపులు ఎత్తి బిగించే పని, కాంట్రాక్టరు తరఫున, బన్వారీ మిస్త్రీది. బులంద్‌షహర్ వైపు మనిషి, అప్పటికి నలభై దాటి ఉంటాడు. మా ఆఫీసు డ్రాయింగులు ఎన్నో నిలబెట్టాడు. నేను అతన్ని రెండుసార్లు చూశాను, అదీ అతను మా మెట్లెక్కి డ్రాయింగుల కోసం వచ్చినప్పుడు. పైపుల చివర్లు సుత్తితో అణచి, ఒక్కో జాయింటు దగ్గర ఒకే పెద్ద బోల్టుతో కలపడం అతని పద్ధతి. కింద బల్లీలు, అంటే లావుపాటి కర్రలు, ఊతంగా నిలబెట్టి, వాటి మీద వలయాన్ని ఆనించి, అన్నీ బిగించాక ఆ బల్లీలు తీసేయాలి.

సైటులో ఫోను లేదు. పక్కనున్న మందుల షాపు నుంచి చేసేవాడు.

"మేడమ్‌జీ, పైపులన్నీ ఎక్కించాం. కానీ హిల్ రహా హై," అన్నాడు మొదటిసారి. ఊగుతోందని.

"బోల్టులు బిగించు, ఆగుతుంది," అన్నాను.

రెండ్రోజులకి మళ్లీ చేశాడు. "బిగించాను మేడమ్‌జీ. జాయింటుకి రెండేసి నట్లు వేశాను. నా పానా అరిగిపోయింది గానీ ఊగడం ఆగలేదు. అదీ మామూలుగా ఊగట్లేదు. ఏక్ అందర్, ఏక్ బాహర్. ఒక మూల లోపలికి తోస్తే పక్క మూల బయటికొస్తోంది, దాని పక్కది మళ్లీ లోపలికి. గోల్‌గా చుట్టూ అంతే."

ఈ మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. ఎందుకంటే తర్వాత నేను కనుక్కున్నదంతా ఈ మాటల్లో ఉంది. ఇంకో ముక్క కలపక్కర్లేదు. నిచ్చెన మీద నిలబడి, చేత్తో తోసి చూసి, ఆ మనిషి నాకు పూర్తి జవాబు చెప్పాడు. నేను చోప్రా సాబ్ వైపు తిరిగి, "మిస్త్రీ ఊగుతోందంటున్నాడు," అన్నాను. "మిస్త్రీలకి ఎప్పుడూ ఏదో ఒకటి ఊగుతుంది," అన్నారాయన. ఇద్దరం నవ్వుకున్నాం.

మూడో ఫోనులో బన్వారీ బతిమాలాడు. "ఒక్కసారి వచ్చి చెయ్యిపెట్టి చూడండి మేడమ్‌జీ. బల్లీలు తియ్యాలంటే మనసొప్పట్లేదు."

"పైపులు ముప్ఫై ఆరూ వేశావా?"

"వేశాను."

"ఒక్కటీ తగ్గలేదు కదా?"

"లేదు జీ."

"అయితే అది కదలదు బన్వారీ. కదలడానికి వీల్లేదు."

అంతటితో ఊరుకున్నా బాగుండేది. మర్నాడు కాంట్రాక్టరు మనిషి ఆఫీసుకి వస్తే, తెల్లకాగితం మీద ఇంగ్లీషులో రెండు వాక్యాలు రాసి ఇచ్చాను. పైపులన్నీ ఉన్నాయి. బోల్టులు బిగించి ఊతాలు తీసేయండి. కింద సంతకం.

శనివారం

శనివారం మధ్యాహ్నం భోజనాలవేళ ఫోనొచ్చింది. చోప్రా సాబ్ విని, రిసీవరు పెట్టేసి, కోటు వేసుకున్నారు. "గుమ్మటం కూర్చుండిపోయింది. బన్వారీ పైనే ఉన్నాడట," అన్నారు. నేనూ వస్తానన్నాను. మొదటిసారి ఆయన వద్దనలేదు.

నేను ఊహించుకున్నది విరిగిన ఇనుము కుప్ప. అక్కడికి వెళ్లి చూసి నిర్ఘాంతపోయాను. విరిగిందేమీ లేదు. ముప్ఫై ఆరు పైపులూ తిన్నగా, వంకర లేకుండా, కొట్లోంచి తెచ్చినప్పటిలాగే ఉన్నాయి. కానీ అది గుమ్మటం కాదు. పైన వలయంలో ఒకటి విడిచి ఒకటిగా ఆరు మూలలు లోపలికి కుంగిపోయాయి. మధ్యలోని ఆరు మూలలూ బయటికి లేచి నిలబడ్డాయి. చక్కగా, వరస తప్పకుండా, ఎవరో కావాలని అలా డిజైన్ చేసినట్టు. ఏక్ అందర్, ఏక్ బాహర్. ఆ మాట అక్కడ ఇనుములో కనబడుతోంది.

ఏం జరిగిందో కూలీలు చెప్పారు. చివరి బల్లీ తీసేదాకా బన్వారీ ఎవర్నీ పైకి ఎక్కనివ్వలేదు, తానే వలయం మీద కూర్చున్నాడు. బల్లీ తీశారు. అతను కూర్చున్న మూల మెల్లగా లోపలికి ఒరిగింది. చప్పుడు కూడా కాలేదట. అతను పట్టుకుందామని చెయ్యిచాస్తే, పట్టుకోవాల్సిన పక్క మూల అతన్నుంచి దూరంగా పైకి వెళ్లిపోయింది. కింద కొత్తగా వేసిన గచ్చు మీద పడ్డాడు. తుంటి విరిగింది. ఎస్తేరక్క పనిచేసే ఆస్పత్రికే తీసుకెళ్లారు.

చోప్రా సాబ్ చుట్టూ తిరిగి బోల్టులు పట్టి చూశారు. ఒక చోట నట్టు కొంచెం వదులుగా తిరిగింది.

"చూశావా? బిగించలేదు," అన్నారు.

ఆయన అబద్ధమాడుతున్నారని నేననను. లెక్క సరిపోయిన కట్టడం పడిందంటే బోల్టు తప్ప ఇంకేం కారణం ఉంటుంది? ఆయనకి నిజంగానే ఇంకో కారణం కనబడలేదు. అక్కడికక్కడే కాంట్రాక్టరుతో చెప్పారు, సోమవారం ఉత్తరం పంపిస్తామని, పని సరిగ్గా చెయ్యనందువల్ల ప్రమాదం జరిగిందని అందులో ఉంటుందని. కాంట్రాక్టరు తల ఊపాడు. అలాంటి ఉత్తరం ఒకటి ఫైలులోకి వెళ్తే బన్వారీని యమునకి ఇటూ అటూ ఏ కాంట్రాక్టరూ మిస్త్రీగా పెట్టుకోడు. కాలు బాగుపడినా పేరు బాగుపడదు. అది అక్కడున్న అందరికీ తెలుసు. నాకూ తెలుసు. అయినా చోప్రా సాబ్ వెనకే బయటికి నడిచాను.

చీపురు పుల్లలు

ఆదివారం అన్నయ్యావాళ్లు మార్కెట్‌కి వెళ్లారు. నేను వరండాలో కూర్చుని చీపురు విప్పాను. పుల్లలు కొలతకి కత్తిరించి, సైకిలు వాల్వు ట్యూబు ముక్కలు జాయింట్లుగా పెట్టి, డ్రాయింగు బోర్డు మీద గుండుసూదులతో పన్నెండు పాదాలు గుచ్చి, ఆ గుమ్మటాన్నే చిన్నగా కట్టాను. చివరి పుల్ల పెట్టాక ఒక మూలని చిటికెన వేలితో లోపలికి నెట్టాను.

మొత్తం వలయం కదిలింది. ఒకటి లోపలికి, ఒకటి బయటికి. వేలు తీస్తే అక్కడే ఆగింది. పక్క మూలని నొక్కితే అన్నీ తారుమారై, లోపలున్నవి బయటికి, బయటున్నవి లోపలికి వెళ్లాయి. ఏ పుల్లా వంగలేదు. వదులు బోల్టు అనడానికి అందులో బోల్టే లేదు.

అప్పుడు పాత డ్రాయింగు గుర్తొచ్చి తొమ్మిది మూలలతో ఇంకోటి కట్టాను. నెట్టాను. కదల్లేదు. ఎటు నుంచి నెట్టినా కదల్లేదు. అదే పుల్లలు, అదే ట్యూబు, అదే చెయ్యి. నాకు దిమ్మ తిరిగిపోయింది. పది కట్టాను, ఊగింది. పదకొండు కట్టాను, నిలిచింది. అన్నయ్యావాళ్లు తిరిగొచ్చేసరికి వరండా నిండా పుల్లలు, మధ్యలో నేను బిక్కచచ్చి కూర్చున్నాను.

తర్వాత ఆలోచిస్తే కారణం చాలా చిన్నది. పైనున్న ప్రతి మూలా దాని రెండు కాళ్ల మీద, కీలు మీద తలుపులాగా, లోపలికో బయటికో మాత్రమే ఊగగలదు. ఒకటి లోపలికొస్తే వలయం పైపు పొడవు మారదు కాబట్టి పక్కదాన్ని బయటికి తోస్తుంది. అది దాని పక్కదాన్ని లోపలికి లాగుతుంది. ఇలా చుట్టూ తిరిగి మళ్లీ మొదటి మూలకి వచ్చేసరికి, మూలల సంఖ్య సరి అయితే అంతా కుదురుతుంది, ఎవరికీ అభ్యంతరం ఉండదు. బేసి అయితే మొదటి మూలని లోపలికీ బయటికీ ఒకేసారి వెళ్లమని అడిగినట్టవుతుంది. వెళ్లలేదు. అందుకే మొత్తం బిగుసుకుపోతుంది. పైపుల లెక్క రెండుచోట్లా సరిగ్గానే ఉంది. నేను అందంగా ఉందని మురిసిన ఆ పొందికే ఊగడానికి దారిచ్చింది.

చాలా రోజుల తర్వాత ఒక కాలేజీ లైబ్రరీలో పాత పుస్తకం తిరగేస్తుంటే ఇదే సంగతి కనబడింది. సరి సంఖ్య మూలలున్న ఇలాంటి వలయ గుమ్మటాలు కట్టరాదని మూడు లైన్లలో రాసి ఉంది. అది నేను పుట్టకముందు అచ్చైన పుస్తకం. నేను కొత్త సంగతి కనుక్కోలేదు, అందరికీ తెలియాల్సిన సంగతి తెలుసుకోకుండా సంతకం పెట్టాను. ఆ లైబ్రరీ బల్ల దగ్గర నాకు కలిగిన దిగ్భ్రమ, వరండాలో కలిగినదానికంటే ఎక్కువ.

సోమవారం

రెండు నమూనాలూ అట్టపెట్టెలో పెట్టుకుని బస్సెక్కాను. చోప్రా సాబ్ బల్ల మీద పెట్టి, "హిలాయియే," అన్నాను. ఆయన పన్నెండు మూలలదాన్ని నెట్టారు. తొమ్మిదిదాన్ని నెట్టారు. పుల్లలు లెక్కపెట్టారు. మళ్లీ లెక్కపెట్టారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ నెట్టారు.

"ఇన్నేళ్లు..." అని ఆగిపోయారు. తాను సంతకం పెట్టిన గుమ్మటాలన్నీ మనసులో లెక్కపెట్టుకుంటున్నారని నాకు అర్థమైంది.

రెండు నమూనాలూ మళ్లీ అట్టపెట్టెలో పెట్టేశారు. "ఇది మనిద్దరి మధ్య ఉండనీ. మళ్లీ కట్టేటప్పుడు అడ్డంగా నాలుగు పైపులు కలుపుదాం, సరిపోతుంది. బన్వారీని నేను ఏదో ఒక సైటులో వాచ్‌మన్‌గా పెట్టిస్తాను."

"వాచ్‌మన్‌గానా? అతను మిస్త్రీ."

"బేటీ, ఈ తప్పు మనమీదికొస్తే ఆఫీసు ఉండదు. ఆరుగురు ఇంటికి పోతారు. ఒక్క మిస్త్రీ కోసమా?"

చోప్రా సాబ్ చెడ్డవాడు కాదు. కానీ ఆ మాట చెడ్డది. మీకు ఉద్యోగంలో ఇలాంటి మాట తప్పకుండా వినబడుతుంది, అదీ మీరు గౌరవించే మనిషి నోటి నుంచే. అందుకని ముందే చెప్తున్నాను. నేనేమీ ధైర్యవంతురాలిని కాను. "డ్రాయింగు నాది సాబ్, ఉత్తరమూ నేనే రాస్తాను," అని నా బల్ల దగ్గరికి వెళ్లిపోయాను.

ఒక పేజీ రాశాను. బోల్టులు సరిగ్గానే బిగించారు, అమరికే తప్పు, పన్నెండు మూలలతో అది ఎంత బిగించినా ఊగుతుంది, డిజైన్ నాది అని. టైపు చేయించి మూడు కాపీలు తీశాను: కాంట్రాక్టరుకి ఒకటి, ఆఫీసు ఫైలుకి ఒకటి, బన్వారీకి ఒకటి.

వార్డులో

ఆ సాయంత్రం ఆస్పత్రికి వెళ్లాను. వార్డు గుమ్మం దగ్గరే ఎస్తేరక్క కనబడింది. బెంచీ మీద కూర్చోబెట్టి, నమూనాలు చూపించి, అంతా చెప్పాను. తను చాలాసేపు ఆ పుల్లల్ని అటూ ఇటూ ఊపుతూ కూర్చుంది.

"అయితే నేను పన్నెండు అడక్కుండా ఉంటే ఆ మడిసి పడేవోడు కాదా?" అంది.

"నువ్వు అడిగావు. చూసుకోవాల్సింది నేను అక్కా."

"దేవుడి ఇంటికి మంచి అంకెని ఎంచుకున్నాం అనుకున్నానే!" కళ్లు తుడుచుకుంది. పుల్లల మూలలు వేలితో లెక్కపెట్టి, "పదమూడైతే నిలబడద్దా?" అంది.

"బేసే కదా. నిలబడుతుంది."

"పన్నెండు మందీ, ప్రభువూ. అసలు మడిసిని వొదిలేసి లెక్కెట్టాం చూడు మనం."

ఆ గుమ్మటం తర్వాత పదమూడు మూలలతోనే లేచింది. దానికి లెక్క వేసినవాళ్లు వేరే ఆఫీసువాళ్లు. ఆ వారమే నేను చోప్రా సాబ్ దగ్గర మానేశాను. మానిపించారా, మానేశానా అంటే రెండూను. నెల తిరక్కుండా వేరే చోట చేరాను, చేరేముందు సైట్లకి పంపాలని షరతు పెట్టాను.

కానీ ఆ సాయంత్రం సంగతి ఇంకా మిగిలి ఉంది. బన్వారీ చివరి మంచం మీద ఉన్నాడు, కాలికి బరువులు కట్టి వేలాడదీశారు. నన్ను చూసి లేవబోయాడు. వారించి, పక్కన స్టూలు మీద కూర్చుని ఉత్తరం తీశాను. అది ఇంగ్లీషులో ఉంది, నేను ఒక్కో వాక్యం హిందీలో చెప్పుకుంటూ పోయాను. బోల్టులు బిగించే ఉన్నాయన్న వాక్యం దగ్గర కళ్లు మూసుకున్నాడు. డిజైన్ నాది అన్నచోట తల ఊపాడు. నా మనసు తేలికపడింది. చెయ్యాల్సింది చేసేశాననుకున్నాను.

"అయిపోయిందా మేడమ్‌జీ?" అన్నాడు.

"అయిపోయింది. దీంతో నీ పేరు మీద మచ్చ పోతుంది."

"నేను మూడుసార్లు ఫోన్ చేసిన సంగతి ఇందులో ఎక్కడుంది?"

ఉత్తరం మళ్లీ చూసుకున్నాను. లేదు. సరి, బేసి, కీలు, వలయం, అన్నీ ఉన్నాయి. ఊగుతోందని అతను ముందే చెప్పిన సంగతి లేదు. బల్లీలు తియ్యమని నేను రాసిచ్చిన కాగితం సంగతీ లేదు. దాచిపెట్టాలనుకుని దాచలేదు, ఒట్టు. నిజమంతా రాస్తున్నాననే అనుకుంటూ రాశాను. అయినా సరిగ్గా ఆ రెండూ నా కలంలోంచి జారిపోయాయి.

"బోల్టు బిగించడం ఎవరికైనా వచ్చు మేడమ్‌జీ," అన్నాడు బన్వారీ. గొంతులో కోపం లేదు. "ఊగేదేదో, నిలిచేదేదో చేత్తో పట్టి చెప్పడం నా పని. నేను చెప్పాను. చెప్పానని అందరికీ తెలియాలి. లేకపోతే, వీడు తెలియకుండానే ఎక్కి పడ్డాడంటారు."

స్టూలు మీదే కూర్చుని, టైపు చేసిన పేజీ అడుగున ఖాళీ జాగాలో, చేత్తో రాశాను. ఇది ఊగుతోందని మిస్త్రీ బన్వారీ లాల్ మూడుసార్లు నాకు చెప్పాడు. ఎలా ఊగుతోందో సరిగ్గా చెప్పాడు. వచ్చి చూడమన్నాడు. నేను వెళ్లలేదు. ఊతాలు తియ్యమని రాసిచ్చింది నేనే. మిగిలిన రెండు కాపీల మీదా అదే రాసి, మూడింటి మీదా సంతకం పెట్టాను.

"చదవండి," అన్నాడు.

చదివాను.

"ఇంకోసారి."

ఈసారి పక్క మంచాలవాళ్లకి కూడా వినబడేలా చదివాను. బన్వారీ నా ముఖం వైపు చూడలేదు. పైకప్పు వైపు చూస్తూ చివరిదాకా విన్నాడు.

"అబ్ ఠీక్ హై," అన్నాడు. ఒక కాపీ నా చేతిలోంచి తీసుకుని, మడతపెట్టి దిండు కింద పెట్టుకున్నాడు.